ఆరు అడుగుగుడ్డలు

ఆసుపత్రిలో బట్టలుతికే గదిలో ఆమెని అందరూ తెల్లక్క అనేవారు. మనిషి నలుపే. ఇస్త్రీ చేసే పెద్దాయన మొదటిసారి అలా పిలిచినప్పుడు వెక్కిరిస్తున్నాడనుకుని రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడో రోజు అతనే ఒక దుప్పటి తెచ్చి ఆమె ముందు దులిపి, "నిన్ను చూసి కాదమ్మా, దీన్ని చూసి పెట్టాను ఆ పేరు" అన్నాడు. వారం కిందట ఆ దుప్పటి ఎంత రక్తంతో వచ్చిందో చెబితే ఎవరూ నమ్మరు. పాలనురగలా ఉంది. తెల్లక్క నవ్వు దాచుకుంది గానీ ఆ పేరు వద్దనలేదు.

ఆ గది నేలకింద ఉంటుంది. కిటికీలు పైకప్పుకి ఆనుకుని ఉంటాయి. వాటిలోంచి రోడ్డు మీద నడిచేవాళ్ళ చెప్పులు తప్ప ఇంకేమీ కనిపించవు. ఇరవై రెండేళ్ళుగా ఆమె ఆ చెప్పులు చూస్తూ ఉతుకుతోంది. గదిలో రెండు పెద్ద యంత్రాలున్నా, రక్తం అంటిన బట్టలు మాత్రం ముందు సిమెంటు తొట్టిలో నానాల్సిందే. కొత్తగా పనిలో చేరిన ప్రతివాళ్ళకీ ఆమె చెప్పే పాఠం ఒకటే. వేడినీళ్ళు తగిలితే రక్తం ఉడికి నూలుకి పట్టేస్తుంది, చన్నీళ్ళలోనే వెయ్యాలి, అదీ ఆరకముందే వెయ్యాలి. మిగతా విషయాల్లో నలుగురిలో నోరెత్తని మనిషి, ఈ ఒక్క విషయంలో గొంతు పెంచేది.

కాన్పుల వార్డు ఆయాలతో ఆమెకి ఎప్పుడూ ఇదే గొడవ. బాలింత నడుము కింద నాలుగు మడతలుగా పరిచే గుడ్డని అక్కడ అడుగుగుడ్డ అంటారు. తడిసిన అడుగుగుడ్డల్ని ఆయాలు వెంటనే కిందికి పంపకుండా మంచం కింద ట్రేలో గంటలకొద్దీ పడేసి ఉంచేవారు. అవి తన దగ్గరికి వచ్చేసరికి అట్టలు కట్టి ఉండేవి. అంతా బద్ధకమని తెల్లక్క నమ్మకం. ఎందుకలా ఉంచుతారని ఆమె అడగలేదు. ఎందుకో చెప్పాలని వాళ్ళకీ తోచలేదు. పైవాళ్ళ పని పైవాళ్ళది, కిందివాళ్ళ పని కిందివాళ్ళది.

ఇంట్లో ఆమె, తల్లి, తమ్ముడు, మరదలు. తమ్ముడిని ఆమే పెంచింది. ఆ పెంపకంలో పడి తన పెళ్ళి సంగతి ఎవరూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు. అతను తాళాలు బాగుచేస్తాడు. వీధి మలుపులో అలమరంత కొట్టు. "ఎవరి తాళమైనా తెరుస్తాడు, వీడి నోరు తెరవడానికి మాత్రం తాళంచెవి దొరకదు" అని తల్లి నవ్వేది. మరదలు వచ్చాక మాటలు పెరుగుతాయనుకుంటే ఆ పిల్ల అతనికన్నా మెతక. దేన్నైనా ఒక్కసారే, మెల్లిగా చెబుతుంది. వింటే విన్నట్టు, లేకపోతే లేదు. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ లేకుండా పెరిగింది. "మా ఇంట్లో గోడ గడియారం చప్పుడొక్కటే ఉండేది వదినా, నాకు ముగ్గురైనా ఉండాలి, కొట్టుకు చావాలి వాళ్ళు" అని ఒకసారి అంది. ఆ పిల్ల నోట అంత పొడుగు మాట తెల్లక్క అదే వినడం.

మరదలి కాన్పు తన ఆసుపత్రిలోనే అని తెల్లక్క పట్టుబట్టింది. వార్డులో తోడు ఉండటానికి ఆ రోజు సెలవు పెట్టుకుంది. పొద్దున్న పదకొండు గంటలకి ఆడపిల్ల పుట్టింది. పిల్ల బాగుంది, తల్లి బాగుంది అన్నారు. పన్నెండింటికి మరదలిని మంచం మీదికి మార్చి, ఆయా రెండు అడుగుగుడ్డలు ఇచ్చి, ఇంకో కాన్పు వచ్చిందని పరుగెత్తింది.

ఆ రెండు గుడ్డలు చూసి తెల్లక్కకి మనసొప్పలేదు. తన చేతులతో వందసార్లు ఉతికినవే. గరుకుగా, అంచులు ఊడిపోయి ఉన్నాయి. కింద అలమరలో డబ్బు కట్టే గదుల కోసం ఉంచిన కొత్త నూలు గుడ్డలున్నాయి. ఆ అలమర తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. ఇరవై రెండేళ్ళలో ఒక్క రుమాలు కూడా ఇంటికి పట్టుకెళ్ళని మనిషి. తన పిల్లకి కాకపోతే ఇంకెవరికి అనుకుంది. పుస్తకంలో రాయకుండా నాలుగు తీసి, చంకలో పెట్టుకుని పైకి వచ్చింది.

ఒంటిగంట దాటాక మరదలు, "వదినా, కింద తడిగా ఉంది" అంది. తెల్లక్క చూసింది. గుడ్డ తడిసిపోయి ఉంది. "కన్నాక అంతేనమ్మా" అని మార్చింది. కాసేపటికి మళ్ళీ మార్చింది. మూడు గంటలకి చుట్టాలు చూడటానికి వస్తారు. తన తమ్ముడూ, తల్లీ వస్తారు. వాళ్ళు వచ్చేసరికి పిల్లా తల్లీ తెల్లటి పక్క మీద ముత్యాల్లా ఉండాలని ఆమె ఆశ. తడిసిన గుడ్డ ఒక్క నిమిషం కూడా కంటి ముందు ఉండటం ఆమెకి చేతకాదు. కొత్త గుడ్డలు ట్రేలో పడేస్తే ఎక్కడివని అడుగుతారు కూడా. కొత్తది మార్చిన ప్రతిసారీ బకెట్టులో వేసి, వెనక మెట్ల మీదుగా కిందికి తీసుకెళ్ళి చన్నీళ్ళ తొట్టిలో పడేసి వచ్చింది. వార్డు ఇచ్చినవి రెండే ట్రేలో మిగిలాయి. ఆరోదీ తీసేసి పాత చీర మడిచి పరుస్తున్నప్పుడు మరదలు మళ్ళీ, "ఇంకా తడుస్తోంది వదినా" అంది. రెండుసార్లు చెప్పడం ఆ పిల్ల అలవాటు కాదు. తెల్లక్క చేతులు పనిలో ఉన్నాయి, చెవులు పనిలో లేవు.

రెండున్నరకి చిన్న సిస్టరు వచ్చింది. ఆ వార్డులో చేరి ఆరు నెలలైన పిల్ల. ట్రేలోకి తొంగిచూసి, కాగితం తీసి, "ఎన్ని మార్చారక్కా?" అని అడిగింది.

మామూలుగా అడిగిన మాట అది. కాని తెల్లక్కకి అలమర గుర్తొచ్చింది. ఇంకో నాలుగు అంటే, ఏ నాలుగు అంటారు. ఎక్కడివి అంటారు. పక్క మంచాలవాళ్ళు వింటారు.

"రెండే" అంది.

సిస్టరు కాగితం మీద రెండు అని రాసుకుంది. మరదలి నాడి పట్టుకుని చూసి, కొంచెం వేగంగా ఉందే అని ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కాగితం చూసుకుంది. రెండు అన్న అంకె ఆమె అనుమానాన్ని సర్దేసింది. పదిహేను నిమిషాల్లో మళ్ళీ వస్తానని, పక్క గదిలో ఎవరో కేకపెడితే అటు వెళ్ళింది. అరగంట పట్టింది.

ఈ అరగంటలో మరదలు దాహమంది, చలంది, ఆవలించింది. నిద్ర సరిపోలేదనుకుని తెల్లక్క దుప్పటి కప్పింది. సిస్టరు తిరిగి వచ్చి ఆ దుప్పటి ఎత్తిన మరుక్షణం ఆమె ముఖంలో రంగు మారింది. అరవలేదు, గోడ మీది బెల్లు నొక్కి మరి వదల్లేదు. ఎక్కణ్ణించి వచ్చారో ఆరుగురు మంచం చుట్టూ చేరారు. ఒకరు పొట్ట మీద పిడికిలి పెట్టి నొక్కుతున్నారు, ఒకరు రెండు చేతులకీ సూదులు గుచ్చుతున్నారు, డాక్టరమ్మ రక్తం తెమ్మంటోంది. పసిపిల్లని ఎవరో తెల్లక్క చేతిలో పెట్టి వరండాలోకి నెట్టారు.

కాన్పయ్యాక గర్భసంచి బిగుసుకుని ముడుచుకోవాలట. ఈ పిల్లది మెత్తబడిపోయి రక్తం వదిలేస్తోందట. మందులు ఇచ్చారు, లోపల బెలూను పెట్టారు, రక్తం ఎక్కించారు. ఏదీ లొంగలేదు. మూడింటికి చూడటానికి వచ్చిన తల్లినీ తమ్ముడినీ వరండాలోనే ఆపేశారు. నాలుగు కావస్తుండగా డాక్టరమ్మ బయటికి వచ్చి తమ్ముడితో, గర్భసంచి తీసేస్తే తప్ప మనిషి దక్కదని, ఆలోచించుకోవడానికి టైము లేదని చెప్పింది. అతను కాగితం పట్టుకుని అక్క వైపు చూశాడు. చిన్నప్పుడు లెక్క తప్పయినప్పుడు కూడా అలాగే చూసేవాడు.

"ఏం చెయ్యనక్కా?"

"పెట్టరా. సంతకం పెట్టు."

సాయంత్రం అయిదింటికి మనిషి దక్కిందన్నారు. తల్లి కూలబడి ఏడ్చింది. తెల్లక్క పసిపిల్లని ఆవిడ ఒళ్ళో పెట్టి, ఎవరికీ చెప్పకుండా కిందికి దిగింది.

తొట్టి నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. అడుగు కనిపించడం లేదు. నాలుగు గుడ్డలూ బరువుగా, మునిగి ఉన్నాయి. అప్పుడు తెలిసింది ఆమెకి, ట్రే ఎందుకో. ఆయాలది బద్ధకం కాదని, తడిసిన గుడ్డ సిస్టరు చూసేదాకా అక్కడ ఉండాలని, అదే వాళ్ళ కొలత అని. ఇరవై రెండేళ్ళు ఆ గుడ్డల్ని మరకలుగానే చూసింది. అవి ఎవరి ఒంట్లోంచో పోయిన రక్తమని ఒక్కనాడూ లెక్కపెట్టలేదు.

అప్పుడైనా పైకి పరుగెత్తి చెప్పవచ్చు. ఆమె చేసింది ఏమిటంటే, నీళ్ళు వదిలి, కొత్తనీళ్ళు పట్టి, ఆ నాలుగూ ఉతికింది. మూడు నీళ్ళకి తెల్లబడ్డాయి. మర్నాడు ఇస్త్రీ పెద్దాయన వాటిని మడత పెడుతూ, "ఇవి ఏ గదివి తెల్లక్కా, పుస్తకంలో లేవే" అన్నాడు. పొరపాటున తడిశాయంది. అలమరలో పెట్టి తాళం వేసింది. ఇంత తెల్లగా ఎందుకొచ్చాయని తన చేతుల్నే తిట్టుకుంది.

మరదలికి నాలుగోరోజు డాక్టరమ్మ గర్భసంచి తీసేసిన సంగతి చెప్పింది. ఆ పిల్ల విని, పక్కన నిద్రపోతున్న కూతురి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి చూసుకుంది. "ఒక్కతే అన్నమాట" అంది. అంతే. తొమ్మిదోరోజు ఇంటికి పంపారు.

వాళ్ళు వచ్చేలోపు ఆసుపత్రిలో విచారణ జరిగింది. చిన్న సిస్టరు పావుగంటలో వస్తానని అరగంటకి వచ్చింది, నాడి వేగంగా ఉన్నా పట్టించుకోలేదు అన్నారు. కాగితంలో రెండు గుడ్డలే ఉన్నాయనీ, బాలింత ఏ ఇబ్బందీ చెప్పలేదనీ ఆమె జవాబిచ్చింది. ఆ రెండో మాట ఎలా చేరిందో ఇంటికి చేరింది. తల్లి పట్టుకుంది దాన్ని. దుఃఖానికి ఏదో ఒక కొక్కెం కావాలి, ఆవిడకి అది దొరికింది. పక్కింటావిడ చూడటానికి వస్తే అదే చెప్పేది.

"పడుకుని పిల్లని చూసుకుంటూ ఉండిపోయిందమ్మా. కింద తడుస్తోందని ఒక్క మాట నోరు తెరిచి చెబితే పోయేదా? సిగ్గట. ఆ సిగ్గే కొంప ముంచింది."

గది తలుపు తీసే ఉంది. లోపల మరదలికి వినబడుతుందని అందరికీ తెలుసు. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న తెల్లక్కకి తల కొట్టేసినట్టయింది. కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

ఆ సాయంత్రం తెల్లక్క మంచం పక్క కూర్చుని పిల్లకి బట్టలు మారుస్తుంటే మరదలు అడిగింది. "వదినా, నేను మీకు చెప్పాను కదా, తడిగా ఉందని? చెప్పినట్టే గుర్తు. ఒక్కోసారి కలగన్నానేమో అనిపిస్తోంది."

ఆ కళ్ళలోకి చూడలేక తెల్లక్క పిల్ల బొడ్డు వైపు చూసింది. "మత్తులో ఉన్నావు. అన్నీ ఎక్కడ గుర్తుంటాయిలే" అంది.

మొదటి అబద్ధం భయంతో నోరు జారింది. ఇది అలా కాదు. ఆ పిల్ల చేతిలో మిగిలిన ఒక్క మాటని కూడా లాక్కోవడం ఇది. ఆ సంగతి తెలిసే అంది.

తర్వాత రోజుల్లో మరదలిలో ఒక మార్పు వచ్చింది. దేన్నైనా ఒక్కసారే చెప్పే పిల్ల, ప్రతీదీ మూడుసార్లు చెప్పడం మొదలుపెట్టింది. పిల్ల పాలు తాగింది అత్తయ్యా, పాలు తాగింది, విన్నారా, తాగింది. నాకు కుట్ల దగ్గర నొప్పిగా ఉందండీ, నొప్పిగా ఉంది, చెబుతున్నాను. వీధిలోకి వినబడేలా గట్టిగా చెప్పేది. తమ్ముడు బిత్తరపోయి చూసేవాడు. తల్లి, ఇప్పుడొచ్చింది నోరు అని గొణిగేది. ఎదుటివాళ్ళు తల ఊపేదాకా ఆ పిల్ల ఆపేది కాదు. నిద్రలో కూడా చెబుతున్నాను, చెబుతున్నాను అనేదట.

తెల్లక్కకి ఏ తిట్టూ ఇంతగా గుచ్చుకోలేదు. మరక ఎలా పడుతుందో ఆమెకి తెలుసు. ఆరిపోతే పోదు. ఈ పిల్ల మీద పడింది ఆరిపోతోంది, తన కళ్ళముందే.

ఇరవై ఆరో రోజు మధ్యాహ్నం. పెరటి పంపు దగ్గర ఆమె పిల్ల గుడ్డలు ఉతుకుతోంది. మరదలు గోడ పట్టుకుని మెల్లిగా వచ్చి గుమ్మంలో కూర్చుంది. ఎండ కోసం వచ్చాననీ, ఎండ బాగుందనీ, ఎండకే వచ్చాననీ చెప్పింది.

"నువ్వు చెప్పావు" అంది తెల్లక్క, తల ఎత్తకుండా.

"ఏంటి వదినా?"

"తడిగా ఉందని. రెండుసార్లు చెప్పావు. కల కాదు."

ఆపకుండా అంతా చెప్పేసింది. అలమర సంగతి, నాలుగు గుడ్డలు, వెనక మెట్లు, తొట్టి. సిస్టరు అడిగితే రెండే అనడం. చలి అంటే దుప్పటి కప్పడం. తర్వాత ఉతికేసి తాళం వెయ్యడం. మొన్న మంచం దగ్గర ఆడిన అబద్ధం. పంపు కట్టలేదు, బకెట్టు నిండి నీళ్ళు కాళ్ళ మీదికి పారుతున్నాయి. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ఏ ముఖం పెట్టుకుని అడుగుతుంది?

మరదలు లేచి వచ్చి, కుట్లు లాగుతుంటే పళ్ళు బిగించి వంగి, తెల్లక్క చేతిలోని తడిగుడ్డ తీసేసుకుంది.

"నా పిల్ల గుడ్డలు మీరు ఉతకొద్దు" అంది. ఒక్కసారే, మెల్లిగా అంది.

తెల్లక్క చేతులు తుడుచుకుని నిలబడింది.

"అత్తయ్యకి చెప్పండి. ఇప్పుడే. నాకు వినబడేలా."

తల్లి విని మొదట కూతురి నోరు మూయబోయింది. అయిందేదో అయింది, వాడికి తెలిస్తే ఇల్లు రెండు ముక్కలవుతుంది, ఇక్కడితో మింగెయ్యమంది. ఇన్నాళ్ళూ కోడలిని ఎన్ని మాటలన్నదో గుర్తొచ్చాక ఆవిడ గొంతు దానంతటదే దిగిపోయింది. గదిలోకి వెళ్ళి కోడలి కాళ్ళ దగ్గర కూర్చుంది. కోడలూ కాళ్ళు తీసుకోలేదు, చేతులూ చాపలేదు.

తమ్ముడు భోజనానికి వచ్చినప్పుడు అతనికీ తెల్లక్కే చెప్పింది. అతను చేతిలో ఉన్న తాళంచెవిని తిప్పుతూ విన్నాడు. "సంతకం పెట్టమన్నప్పుడు నీకు తెలుసా అక్కా?" అని అడిగాడు. అప్పటికి తెలియదంది. అది నిజమే. అతను అన్నం ముట్టకుండా కొట్టుకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అయిదు రోజులు, ఆమె వడ్డిస్తే తిన్నాడు, పిలిస్తే పలకలేదు.

అంతా చెప్పిన మర్నాడు తెల్లక్క పనికి బయల్దేరుతుంటే మరదలు గదిలోంచే పిలిచింది. "ఆ సిస్టరు నా పక్కన కూర్చుని ఏడ్చింది వదినా. తనే సరిగా చూడలేదని ఏడ్చింది. ఆ పిల్లకి కూడా చెప్పాలి కదా."

చిన్న సిస్టరుని వార్డులోంచి తీసేసి, బయటి రోగులకి చీటీలిచ్చే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. తెల్లక్క వరసలో నిలబడింది. తన వంతు వచ్చేసరికి సిస్టరు తలెత్తకుండానే, "ఎవరికి చూపించుకోవాలి?" అంది.

"రెండు కాదమ్మా. ఆరు."

సిస్టరు చెయ్యి చీటీల మీద ఆగిపోయింది. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, వెనక వరస ఉందన్నది మరిచిపోయి, ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. తెల్లక్క అక్కడే నిలబడి అంతా చెప్పింది. వెనకవాళ్ళు విన్నారు. ఎవరు వింటారోనని ఆ రోజు రెండే అంది. ఈరోజు అంతమంది వినగా చెబుతోంది.

"ఆరని తెలిసుంటే సంచి దక్కేదని నేను చెప్పలేను" అంది సిస్టరు చివరికి. "ఎవరూ చెప్పలేరు. కాని నాకు అరగంట దక్కేది. మీరు నాకు ఆ అరగంట లేకుండా చేశారు." అని పెద్ద సిస్టరు గదికి దారి చూపించింది.

పెద్ద సిస్టరు అంతా కాగితం మీద రాయించి, వేలిముద్ర కాదు సంతకమే పెట్టమంది. కాన్పుల వార్డు మెట్లెక్కకూడదంది. ఉద్యోగం సంగతి పైవాళ్ళు తేలుస్తారంది. అలమర తాళంచెవి బల్ల మీద పెట్టమంది. ఇరవై రెండేళ్ళుగా నడుముకి ఉన్న తాళంచెవి అది. అది తీసేశాక అక్కడ ఏదో ఉన్నట్టే చెయ్యి పదిసార్లు వెళ్ళింది. ఆ మధ్యాహ్నానికే సంగతి కిందికి చేరింది. ఇస్త్రీ పెద్దాయన ఆమెని తెల్లక్కా అని పిలవలేదు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. చెప్పులు విప్పుతుంటే లోపలి నుంచి మరదలి గొంతు వినిపించింది.

"చెప్పారా?"

"చెప్పాను."

"ఎన్నని?"

"ఆరు."

పిల్ల కెవ్వుమంది. మంచం కిర్రుమంది. మరదలు లేవబోయి, కుట్లు లాగి, మళ్ళీ కూర్చున్నట్టుంది.

"పిల్ల తడిపింది" అంది. ఒక్కసారే అంది. "నాకు వంగడం రావడం లేదు. మీరు తియ్యండి."

తెల్లక్క లోపలికి వెళ్ళి పిల్ల కింది గుడ్డ తీసింది. బకెట్టు వైపు రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చి, ఆ గుడ్డని రెండు చేతులతో విప్పి మరదలి ముందు పట్టుకుంది.

మరదలు గుడ్డని చూసింది, తర్వాత ఆమెని చూసింది.

"చూశాను" అంది. "తీసెయ్యండి."